వదులు చేసిన కుట్లు

ఆళ్లగడ్డలో జీవమ్మ చేత ఒకసారి రవిక కుట్టించుకున్న ఆడమనిషి మళ్లీ ఇంకో దర్జీ గడప తొక్కదు. ఒకరికి భుజం జారి ఉంటుంది, ఇంకొకరికి పొట్ట ముందుకొచ్చి ఉంటుంది. జీవమ్మ కత్తెర పట్టిందంటే అవన్నీ మాయం. ఒళ్లు ఎట్లా ఉన్నా మనిషి నలుగురిలో చక్కగా కనబడాలనేది ఆమె పంతం. ఆ పంతమే చివరికి ఆమె కొంప ముంచింది.

జీవమ్మకు సౌజన్య ఒక్కతే కూతురు. పిల్లకు పదమూడో ఏట క్రిస్మస్ చుడీదార్‌కు కొలతలు తీస్తుంటే వీపు ఎడమపక్క కంటే కుడిపక్క ఎక్కువ వచ్చింది. టేపు జారిందేమోనని మళ్లీ తీసింది. అంతే వచ్చింది.

"సక్కంగ నిలబడవే! ఎప్పుడు సూసినా ఆ సెల్లులోకి వంగుకోనే ఉంటావు" అని వీపు మీద ఒకటి వేసింది.

పాపం, పిల్ల నిటారుగానే నిలబడింది. వంగింది లోపలి వెన్నెముక.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఆడబిడ్డ రెబెకా ఆగి చూసింది. "ఏందొదినా, పిల్ల ఒకపక్కకు ఒరిగి నడుస్తాంది? గూని గీని వస్తాందేమో, యాడన్నా సూపించగూడదా?"

మేలు కోరే అంది. కానీ గూని అన్న మాట చెవిన పడేసరికి జీవమ్మకు ఒళ్లు మండిపోయింది. "నీ నోట్లో మన్నుబడ! నా బిడ్డకేమైంది?" అని నడివీధిలో దులిపేసింది. ఇంటికొచ్చి, ఎడమ భుజం కింద స్పాంజి ముక్క పెట్టి, కుడివైపు గుడ్డ వదిలి చుడీదార్ కుట్టింది. మరుసటి వారం అది తొడుక్కుని పిల్ల చర్చికి వస్తే, "నేనే తప్పు సూసినా ఒదినా" అని రెబెకాయే ఒప్పుకుంది. జీవమ్మ ఎంత మురిసిపోయిందో! మొగుడు ఫిలిప్ లారీ మీద తిరిగే మనిషి. కూతురు నవ్వుతూ ఎదురొస్తే చాలనుకునేవాడు, వీపు చూసే తీరిక ఆయనకెక్కడిది?

ఎదిగే వయసు కదా, ఒళ్లు సాగేకొద్దీ వెన్ను ఇంకా వంగింది. జీవమ్మ కుట్టు కూడా ఇంకా గడుసుదేరింది.

"ఊపిరాడ్డంలేదుమా" అంది సౌజన్య ఒకరోజు.

"చంకల కాడ బిగుతైంటాది, ఇటియ్యి" అని జీవమ్మ పక్క కుట్లు విప్పి వదులు చేసింది. కొన్నాళ్లకు పిల్ల మళ్లీ అదే మాట అంది. తల్లి మళ్లీ విప్పింది. బట్టలు గోనెసంచుల్లా అయ్యాయి గానీ పిల్లకు ఊపిరి మాత్రం చాల్లేదు. ఎవరో ఉబ్బసమన్నారు. పీల్చే మందు తెచ్చి పీల్పించింది. అయ్యో, ఆ చేతులతోనే వీపు తడిమి చూసి ఒక్కసారి డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉంటే!

ఇంటర్‌కు నంద్యాల కాలేజీలో చేరింది సౌజన్య. తరగతి మూడో అంతస్తులో. ఒక పొద్దున మెట్ల మీదే కూలబడిపోతే, పెదాలు నీలంగా మారడం చూసి లెక్చరర్లు ఆస్పత్రికి మోసుకుపోయారు. ఫోనొచ్చిన వెంటనే జీవమ్మ మిషన్ మీది గుడ్డ అట్లే వదిలేసి బస్సెక్కింది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టాడు. వెన్నెముక కొడవలిలా ఉంది.

"ఊపిరితిత్తుల్లో జబ్బేం లేదమ్మా. వెన్ను వంగి మెలి తిరిగింది. దాంతో పక్కటెముకలు నొక్కుకుపోయి, ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి చోటే లేకుండా పోయింది. ఊదించి చూశాం, ఈ వయసులో ఉండాల్సిన ఊపిరిలో సగం కూడా లేదు. మొదట్లోనే వచ్చి ఉంటే వీపుకు బెల్టు కట్టి వంపు ఆపగలిగేవాళ్లమేమో. ఇంత వంపు ఇంట్లో ఎవరికీ కనబడలేదా?"

జీవమ్మ ఎక్స్‌రే నుంచి మొహం తిప్పుకుంది.

"నేనే దాచుకున్నా సార్. మాయమ్మకు తెలీదు" అంది సౌజన్య.

"చదువుకునే పిల్లవి, బుద్ధుందా నీకు? ప్రాణం కంటే సిగ్గెక్కువా?" అని డాక్టరు పిల్ల మీద లేచాడు. సౌజన్య తల దించుకుని, ఎగరొప్పుతూ అన్నీ పడింది. తల్లి ఆ తిట్లన్నీ పక్కనే నిలబడి వింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక జీవమ్మ అడిగింది. "ఎందుకే అట్ల చెప్తివి?"

"ఎవురో ఒకరు... తిట్లు తినాల గదమా. నేనైతే... ఆయాసపడతాండానని... బిరీన ఇడిసిపెడతారు."

జీవమ్మ లేచింది. బిడ్డను అక్కడే కూర్చోబెట్టి, వరసలో ఉన్నవాళ్లు అరుస్తున్నా వినకుండా లోపలికి దూసుకుపోయింది.

"నన్ను తిట్టండి సార్. నేను సూసినా. సూసి, నా చేతుల్తో గుడ్డ కుట్టి దాసినా. ఆ బిడ్డకేం తెలీదు."

డాక్టరు తలెత్తి చూశాడు. తిట్టలేదు. తలుపు వేసి రమ్మన్నాడు.

"పాప ముందర చెప్పలేకపోయానమ్మా. వెన్ను సరిచేసే ఆపరేషన్‌కు పెద్దాసుపత్రికి రాసిస్తాను. కానీ ఇంత తక్కువ ఊపిరితో, ఆపరేషన్ అయ్యాక ఊపిరందించే మిషన్ తీసేస్తే సొంతంగా గాలి పీల్చుకోగలదో లేదో ఎవరూ మాటివ్వలేరు. చేయించకుండా వదిలేస్తే వంపు ఇంకా పెరుగుతుంది, కొన్నేళ్లకు గుండె అలిసిపోతుంది. మీరే నిర్ణయం చెప్పాలి."

తలుపవతల సౌజన్య దగ్గుతోంది. జీవమ్మ ఆ దగ్గు ఆగేదాకా నిలబడి, "ఆపరేషన్‌కు రాయండి సార్" అంది.