కోటకీ తోటకీ మధ్య ఒక అక్షరం

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. మా నాన్న వీధిబడి నడిపేవాడు. మగపిల్లలతో పాటు నన్నూ కూర్చోబెట్టి ఇసకలో అక్షరాలు దిద్దించాడు, అంతే. అయినా ఫీజీలో పెనాంగ్ చక్కెర మిల్లు పక్కన మా కూలీ లైన్లలో తెలుగు అక్షరం గుర్తుపట్టగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. ఎవరికి ఉత్తరం వచ్చినా ఆదివారం దాకా దాచుకుని నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆ పనిలో ఒకే ఒక్కసారి అబద్ధం చదివాను. అది ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను, ఇక ఉంచుకోలేక రాస్తున్నాను.

మా లైన్లలో తెలుగువాళ్ళం చాలామందిమి ఒకే జమీ నుంచి వచ్చినవాళ్ళం. మా రాజావారికి కోటలో రాణిగారు ఉండేవారు. ఏటి అవతల మామిడితోటలో ఇంకొకావిడ ఉండేది. ఇది నేను పుట్టకముందు మొదలైన వ్యవహారం. నేను పెద్దమనిషినయ్యేటప్పటికీ రాజావారి పల్లకీ ఏరు దాటుతూనే ఉంది. ఊళ్ళో జనం కోట వాళ్ళు, తోట వాళ్ళు అని రెండుగా చీలిపోయారు. ఒకరి బావిలో ఒకరు నీళ్ళు తోడుకోనంత దాకా వచ్చింది. ఆ తగువును మేము ఓడెక్కించి మరీ ఫీజీకి తెచ్చుకున్నాం. చెరుకు నరుకుతూ అదే మాట, ఆదివారం నంగోనా అనే మత్తువేరు నీళ్ళ ముంత చుట్టూ కూర్చున్నా అదే మాట. రాజావారికి మేం ఉన్నామో పోయామో కూడా తెలియదు. ఆయన ఏ గుమ్మం ఎక్కాడన్నది మాత్రం మాకు కావలసి వచ్చింది! పక్క లైన్ల హిందీవాళ్ళు మమ్మల్ని చూసి పగలబడి నవ్వేవాళ్ళు.

కోట పక్షానికి నాయకుడు పెద్దయ్య. కాగితంలో వయసు తగ్గించి రాయించుకుని వచ్చిన మనిషి, మాలో అందరికన్నా పెద్ద. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రాజావారి పల్లకీ ముందు దివిటీ పట్టుకుని కోట నుంచి తోటకి పరిగెత్తింది ఆయనే. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ దివిటీ తమ్ముడి చేతికిచ్చి వచ్చాడు.

“ఎన్నాళ్ళు ఏరు దాటినా కడాకి రాజుగోరు కోటకే వొస్తారు. సూస్తుండండి” అనేవాడు. మొగుడూ పెళ్ళాల తగువు ఏది వచ్చినా ఆ మాట మీదే తీర్పు చెప్పి ఆడదాన్ని వెనక్కి పంపించేవాడు. లైన్లలో ఆయన మాటకి ఎదురు లేదు.

నన్ను వాళ్ళు “తోటది” అనేవాళ్ళు. వేళాకోళంగానే అనేవాళ్ళు గానీ నాకు ఒళ్ళు మండిపోయేది. కారణం చెబుతాను. మద్రాసులో కూలీలని ఓడెక్కించే డిపోలో ఒంటరి ఆడదాన్ని సవాలక్ష ప్రశ్నలు అడుగుతారని, మా వైపు వాడే ఒకడి పక్కన నన్ను నిలబెట్టారు. గుమాస్తా మమ్మల్ని మొగుడూ పెళ్ళాలని రాసేశాడు. లైన్లలో ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. నేను మధ్యలో గోనెపట్టా కట్టాను. ఆ మనిషి ఒక్కసారి కూడా దాన్ని పక్కకి తొలగించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆరు నెలలకి పని చేయించే సర్దారుతో కలబడి జైలుకి పోయాడు. అటునుంచి అటే ఇంకో దీవిలో లబాసా వైపున్న వునిమోలికి పంపించేశారు.

తర్వాత నేను చెరుకు ట్రాము లాగే గుర్రాలు చూసుకునే మనిషితో కాపురం పెట్టాను. ఎవరూ పెట్టించలేదు, నేనే పెట్టాను. మాకు రెండేళ్ళ కూతురు. ఐదేళ్ళ గిరిమిట్, అదే కూలీ ఒప్పందం, తీరిన కొన్ని నెలలకే వునిమోలి మనిషి పడవెక్కి వచ్చాడు. నాకోసం. చేతిలో డిపో గుమాస్తా రాసిన కాగితం ఉంది. కాగితం ప్రకారం నేనూ, నాకు పుట్టిన పిల్లా కూడా అతనివాళ్ళమే. కోర్టుకి పోతే తెల్లదొర కాగితమే చూస్తాడు గానీ నా మొహం చూడడు. పెద్దయ్య ఎలా చెబితే అలా ఉంటామని రెండు పక్షాలూ రాజావారి మీద ఒట్టు పెట్టుకున్నాయి. పెద్దయ్య ఏమంటాడో నాకు తెలుసు. ఆ వారమంతా మా ఆయన గుర్రాల డెక్కలు గీకుతూ కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం లైన్ల ముందు చాపలు పరిచారు. వునిమోలి మనిషి కాగితం విప్పి పెద్దయ్య ముందు పెట్టాడు. చిక్కిపోయాడు. మాటలో హిందీ కలిసిపోయింది.

“ఈమె హమార్ ఔరత్, నా పెళ్ళామని కాగద్‌లో రాసుంది పెద్దయ్యా. నాను బలవంతం సెయ్యడానికి రానేదు. అక్కడ బీడు తీసుకున్నాను, ఇల్లు కట్టినాను. నాలుగేళ్ళు ఒక్కణ్ణే ఒండుకు తిన్నాను.”

అతను అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని.

పెద్దయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మొలలోంచి ఉత్తరం తీశాడు. అది ఆ వారమే వచ్చింది, ఊళ్ళో తమ్ముడు రాయించింది. కిందటి ఉత్తరంలో రాజావారికి జబ్బు చేసిందని ఉంది. “ముందు ఇది సదువే గుంటా. రాజుగోరి సంగతి తేలిపోనీ. ఆయనెటో మనమూ అటే” అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. నా బతుకు తేల్చే ఉత్తరం నా చేతే చదివిస్తున్నారని ఒక్కడికీ తట్టలేదు! అక్షరాలు ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, అక్షరాలు అబద్ధమాడవని వాళ్ళ నమ్మకం.

క్షేమ సమాచారాలు చదివాను. వానలు, ఆవు ఈనడం, ఎవరికో పెళ్ళి.  ఆ తర్వాతి వరుసలో ఉంది: ‘రాజావారు పోయిన అమావాస్యనాడు కోటలో కాలము చేసినారు.’

కోటలో. క అక్షరం నున్నగా, గుండ్రంగా, మా నాన్న దిద్దించినట్టే ఉంది. నా పక్కనే నా కూతురు మట్టిలో ఆడుకుంటోంది. నేను, “రాజావారు పోయిన అమావాస్యనాడు తోటలో కాలము చేసినారు” అని చదివాను.

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. పెద్దయ్య చేతిలోని నంగోనా చిప్ప కింద పెట్టేశాడు. ఆ సందడిలో నా కళ్ళు ఆగకుండా కింది వరుసలోకి పోయాయి.

‘రాణిగారు తామే పల్లకీ పంపి తోట అమ్మగారిని కోటకు పిలిపించినారు. తులసినీళ్ళు ఆ అమ్మగారి చేతనే పోయించినారు. అమ్మగారు సింహద్వారాన లోపలికి పోతుంటే కోట వాళ్ళు తోట వాళ్ళు అని లేక ఊరందరూ దారికి రెండు పక్కలా నిలబడి దండము పెట్టినారు.’

 ఇంకొక్క వరుస ఓపిక పట్టి ఉంటే నిజమే నన్ను కాపాడేది. రాణిగారే తోట అమ్మగారిని లోపలికి రానిచ్చాక, పెద్దయ్య నన్ను కాగితం వెనక పొమ్మనేవాడు కాదు. ఇప్పుడు ఆ మూడు వరుసలూ చదవడానికి వీల్లేదు. చదివితే పై మాట అబద్ధమని తేలిపోతుంది.

“ఇంకేటుంది?” అన్నాడు పెద్దయ్య.

“మిగతాది తడిసిపోయింది పెద్దయ్యా, కనపడటం లేదు” అన్నాను.

వునిమోలి మనిషి మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. “నువ్వు సదివింది సచ్చేనా, నిజమేనా?” అని అడిగాడు.

“సచ్చే” అన్నాను. గొంతు వణకలేదు. దానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పెద్దయ్య మొహం బూడిదలా అయిపోయింది. అయినా తీర్పు చెప్పాడు. “అంత రాజునే రాణీగోరి తాళి ఇంటికి లాక్కురానేకపోయింది. ఈ గుంటని కాగితం సూపించి ఏటని లాక్కెల్తాం? ఒగ్గీ బాబూ.”

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇచ్చిన నంగోనా తాగకుండానే లేచి రేవు వైపు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నన్ను “తోటది” అన్నవాళ్ళు లేరు. కోట పక్షం నోరు పడిపోయింది. అంతకుముందు నా గుమ్మం తొక్కని ఆడవాళ్ళు నిప్పు కోసం వచ్చి, “పాపం, ఎంత ప్రేమో ఆ రాజుగోరిది” అని ముక్కు చీదేవాళ్ళు. పెద్దయ్య మాత్రం రాజావారి కబుర్లు మానేశాడు. ప్రతి ఏడూ పండగ ఊరేగింపులో ముందుండి దివిటీ పట్టేవాడు, అదీ మానేశాడు. చెయ్యి నొప్పి అనేవాడు. నేను నమ్మాను. నమ్మితే నాకు సుఖంగా ఉండేది కాబట్టి నమ్మాను.

ఎనిమిదేళ్ళకి పెద్దయ్య మంచం పట్టాడు. అప్పటికి లైన్లు ఖాళీ అయిపోయాయి, అందరం తలా కాస్త చెరుకు వేసుకుని చుట్టుపక్కలే ఉన్నాం. రోజూ గంజి పట్టుకెళ్ళేదాన్ని. ఆ ఉత్తరం ఆయన నా దగ్గరే దాచమన్నాడు, నా రేకు పెట్టెలోనే ఉంది. ఒక పొద్దున గంజి తాగి, “అది ఓపాలి మళ్ళీ సదువే గుంటా” అన్నాడు.

తీసుకొచ్చి చదివాను. ఈసారి కోట అనే చదివాను. కింది మూడు వరుసలూ చదివాను. పిల్లని, మా ఆయన్ని వదిలి పోవాల్సి వస్తుందని భయపడి అప్పుడలా చదివానని చెప్పి ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

పెద్దయ్య కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. కోపమూ పడలేదు. 

“దారి సూపించినోణ్ణి నేనే గదా. ఆ దారినే ఎల్లి ఇల్లు గాని ఇంట సచ్చిపోనాడనుకున్నాను. ఎనిమిదేళ్ళు ఆ పాపం నాదే అనుకున్నానే గుంటా” అన్నాడు.

 గంజి గిన్నె తీసి పక్కన పెట్టాను. ఆయన నావైపు తిరిగాడు.

“ఆయమ్మని కోటకి తెచ్చినప్పుడు పల్లకీ ముందు దివిటీ ఎవుడు పట్టినాడో మా తమ్ముడు రాసినాడా?”

ఉత్తరం మొదటినుంచి చివరిదాకా మళ్ళీ వెతికాను. ఎక్కడా లేదు. ఈసారి అబద్ధం చెబితే ఆయనకి ఎంతో హాయిగా ఉండేది.

“రాయలేదు పెద్దయ్యా” అన్నాను.