కూర్మమ్మ కోసిన ముక్క

కూర్మమ్మ పేరెత్తితే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. పొందూరులో నూలు వడికే ఇంటి మనిషి. మొగుడు పోయాక విజయనగరం వచ్చి, మా కాలేజీ లేబరేటరీలో గాజుసామాను కడిగే పనికి కుదిరింది. నేనా, ఎమ్మెస్సీ ఫస్టుక్లాసు, డిమాన్‌స్ట్రేటరుని. ఆమె పనితనం చూసి నేను ఏడవడమేమిటి? ఏడ్చాను. కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

అరవై ఎనిమిదిలో మా వేంకటాచలం మేష్టారికి ఒక పట్టుదల వచ్చింది. గడ్డి నానిన నీళ్ళలోని బాక్టీరియాను జున్నులా గడ్డకట్టే అగర్ మీద పెంచితే, రెండు రోజుల్లో ముడతలు పడ్డ అప్పడంలా గుంపు కడుతుంది. ఆ గుంపు లోపల అవి ఏ వరసలో సర్దుకుని ఉంటాయో చూడాలి. కలకత్తాలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది, వాళ్ళు ఫొటోలు తీసి పంపుతామన్నారు. చిక్కల్లా, గుంపు చెదరకుండా కింది అగర్‌తో సహా కోసి, ఉన్నదున్నట్టు బిగబట్టే మందులో వేయడం. కాస్త నొక్కుకుపోయినా లోపలి వరసలన్నీ కలిసిపోతాయి.

నేను బ్లేడుతో కోశాను. పది కోస్తే పదీ నలిగాయి. పక్కనే నిలబడి చూస్తున్న కూర్మమ్మ, "ఓపాలి నానొకటి కోస్తాను బాబూ" అంది. తను వడికిన సన్ననూలు పోగొకటి తెచ్చి, రెండు చేతుల మధ్య బిగబట్టి, అగర్‌లోకి మెల్లగా దింపింది. ఒక్క ముడత కదలలేదు.

"శభాషే కూర్మమ్మా!" అన్నారు మేష్టారు. నా వైపు తిరిగి, "ఒరే జగన్నాధం, ఇద్దరి ముక్కలూ చెరో సీసాలో పంపుదాం. ఎవరిది బాగుంటే వాళ్ళ పేరు నా పేరు పక్కన అచ్చు వేయిస్తాను" అన్నారు. ఆయనకది వేళాకోళం, అయినా మాట తప్పే మనిషి కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అచ్చుపేరుతో వాల్తేరులో పరిశోధనకి సీటు సంపాదించాలని రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను. గిన్నెలు కడిగే మనిషి పేరు వేసి నా పేరు వదిలేస్తే తల ఎక్కడ పెట్టుకోను?

నా సీసాకి నల్లమూత, ఆమెదానికి ఎర్రమూత. మందులో పడ్డాక రెండు ముక్కలూ ఒకేలా నల్లబడ్డాయి. మర్నాడు పొద్దున్న, పార్సెలు కట్టే ముందు, ఎవరూ లేకుండా చూసి మూతలు మార్చేశాను.

ఆర్నెల్లకి ఫొటోలు వచ్చాయి. నల్లమూత సీసావి చూస్తే అంతా తొక్కేసిన బురద. ఎర్రమూత సీసా ఫొటోల్లో బాక్టీరియా బారులు బారులుగా పేర్చుకుని ఉన్నాయి. "కూర్మమ్మదే!" అని మేష్టారు గంతేసినంత పని చేశారు. నేను మూతలు మార్చాక, మంచిముక్క నల్లమూతకి కదా రావాలి!

మేష్టారు వెళ్ళగానే కూర్మమ్మ నా దగ్గరకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"అదేటి బాబూ, అలాగెలా అవుతాది? ముక్కలు కోసిన సాయంత్రమే నాను మూతలు మార్సీసినాను. మీరు కూడు మానీసి తిరగతంటే సూడనేకపోనాను. నాకు పేరెందుకు, మీకయితే పనికొస్తాదనుకున్నాను. మరి మళ్ళీ ఎవులు మార్సినారు?"

"నేనే" అన్నాను.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. తిట్టినా బాగుండేది.

"అలాగయితే నా పేరే ఉండనీండి. తప్పుల్లేకండా మీరే రాయండి బాబూ" అని గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

అచ్చుకి పంపే కాగితం మీద, మేష్టారి పేరు పక్కన, ఆమె పేరు నా చేత్తోనే రాశాను.