సామర్లకోటలో ఎర్ర జెండా డ్యూటీ

సామర్లకోటలో ఉదయం ఆరూ పదికి రైలు దిగాను. ఏప్రిల్ నెలాఖరు. ప్లాట్‌ఫారం మీద అప్పటికే ఉక్కపోత. చేతిలో పాత మిలిటరీ కిట్ బ్యాగు, అందులో రెండు జతల బట్టలు, బూట్లు, టార్చి. పెనుగొండ దగ్గర మా ఊళ్ళో ఎవరడిగినా "డ్యూటీకి వెళ్తున్నా" అనే చెప్పాను. రిటైరై మూడేళ్ళయింది. అయినా ఆ మాట అనుకుంటే నడుం నిటారుగా నిలబడుతుంది.

డ్యూటీ ఏంటంటే, రిమోట్‌తో నడిచే నమూనా ట్యాంకులు రెండింటిని పరీక్షించడం. బొమ్మల షాపులో దొరికే రకం కాదు. అసలు ట్యాంకులో నాలుగో వంతు కొలత. ఫిరంగి గొట్టం కాకుండా అయిదున్నర అడుగుల పొడవు, నూట ఎనభై కిలోల బరువు, ఇనప చైన్లు, లోపల బ్యాటరీలు. మాజీ సైనికులు కొందరు కలిసి, మూతపడిన ఒక బియ్యం మిల్లులో వీటిని తయారుచేయించారు. స్కూళ్ళకి తిప్పి పిల్లలకి చూపించాలని వాళ్ళ ఆశ. అంతకుముందు పద్దెనిమిది రోజులు నడిపి, ఎక్కడ మొరాయిస్తాయో, ఎక్కడ ప్రమాదమో తేల్చాలి. ఆఖరి రోజున ఊరివాళ్ళ ముందు ప్రదర్శన.

నేను ఇరవై రెండేళ్ళు అసలు ట్యాంకు నడిపినవాణ్ణి. నలభై టన్నులది. ఆ రిమోట్ నాకు కాక ఇంకెవరికిస్తారు అనుకుంటూ ఆటో ఎక్కాను.

మొత్తం నలుగురం. సుబేదారు గారు మాకు పెద్ద. గొంతు పెంచరు, చెప్పింది రెండోసారి చెప్పరు. రెండో మనిషి మా గన్నరు అన్నయ్య. ఆరేళ్ళు ఒకే ట్యాంకులో ఉన్నాం. నేను కింద డ్రైవరు సీట్లో, తను పైన ఫిరంగి దగ్గర. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అన్నయ్యా, నువ్వు అని పిలిచేంత చనువు. ఇక్కడ మెకానిక్కు పని తనది. మూడో మనిషి ఒక క్లర్కు. ద్రాక్షారామం ఆయనది. పటాలం ఆఫీసులో సెలవు చీటీలు, రేషను కాగితాలు టైపు చేసి రిటైరయ్యాడు. ట్యాంకు లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదని తనే చెప్పాడు. నాకు నవ్వొచ్చింది.

సాయంత్రానికి ఆ నవ్వు పోయింది. మిల్లు ముందు సిమెంటు కళ్ళంలో ఇటుకలు రెండు వరసలు పేర్చారు. మధ్యలోంచి ట్యాంకుని పంపి, గీత దగ్గర ఆపి, తిప్పి వెనక్కి తేవాలి. వెళ్ళడం నాకు బాగానే వచ్చింది. తిరిగి నావైపు వస్తున్నప్పుడు తారుమారైంది. ట్యాంకు మనకి ఎదురొస్తుంటే దాని కుడి మన ఎడమవుతుంది. నేను జీవితమంతా లోపల కూర్చుని నడిపాను. నా కుడే దాని కుడి. పదకొండు ఇటుకలు పడగొట్టాను. క్లర్కు ఒక్కటి కూడా పడగొట్టలేదు. లోపల కూర్చున్న అలవాటే లేదు కాబట్టి ఆయన మరిచిపోవాల్సింది ఏమీ లేదు. పైగా అన్నేళ్ళు టైపు కొట్టిన వేళ్ళు.

"రిమోట్ క్లర్కు గారికి. మీరు సేఫ్టీ చూడండి," అన్నారు సుబేదారు గారు.

సేఫ్టీ అంటే ఎర్ర జెండా, ఈల, వాకీటాకీ.

"ఆఖరి రోజు కూడా ఆయనేనాండి?" అన్నాను.

"ప్రస్తుతానికి అంతే. ఏదైనా తేడా వస్తే మారుస్తా."

కడుపు మండిపోయింది. ఇందులో దాచేదేం లేదు. తేడా రావాలని ఆ క్షణం నుంచే కోరుకున్నాను.

మర్నాటి నుంచి పని మిల్లు వెనక పొలంలో. దాళ్వా కోతలై వారమైంది. నేలంతా వరి దుబ్బులు, చెయ్యి పట్టేంత నెర్రెలు. పక్కన కాలవ కట్టేసి ఉంది, అడుగున బురద ఎండి పెచ్చులు లేస్తోంది. ఉదయం ఆరు నుంచి పది వరకే పరీక్షలు. ఆ తర్వాత ఎండకి బ్యాటరీలు వేడెక్కుతాయి. ట్యాంకు తిరిగే చోటు చుట్టూ పదిహేను మీటర్ల దూరంలో తాడు కట్టాం. తాడు దగ్గర నాలుగు ఇసక బకెట్లు, మంటలార్పే సిలిండరు, మందుల పెట్టె. రిమోట్ మీద ఒక మీట ఉంది. బొటనవేలితో నొక్కి ఉంచితేనే ట్యాంకు కదులుతుంది. వేలు తీస్తే ఆగిపోతుంది. ట్యాంకు వెనక ఎర్ర బటన్ ఉంది. అది నొక్కితే కరెంటు మొత్తం పోతుంది. ట్యాంకు మీద ఎవరైనా చెయ్యి వేస్తే నేను జెండా ఎత్తాలి, క్లర్కు రిమోట్ ఆపాలి, అన్నయ్య ఎర్ర బటన్ నొక్కాలి. మూడూ జరగాలి.

వాకీటాకీలో మాటలు రెండే. 'పోనివ్వండి' అంటే నడపాలి. 'ఆపండి' అంటే ఆపాలి. నేను హిందీలో చెప్పుకుందామన్నాను. అవి అలవాటైన చెవులు నావి.

"చూసేవాళ్ళు మనవాళ్ళే కదండి. వాళ్ళకీ అర్థమైతే మంచిదేమో," అన్నాడు క్లర్కు మెల్లగా.

సుబేదారు గారికి అది నచ్చింది. నాకు అదీ కిట్టలేదు.

రోజులు గడిచాయి. రేంజి పరీక్ష చేశాం. రిమోట్ పట్టుకుని దూరం వెళ్తూ ఉండాలి, సిగ్నలు తెగిన చోట ట్యాంకు తనంతట తను ఆగాలి. రెండు వందల పది అడుగుల దగ్గర ఆగింది. గట్టు ఎక్కించాం. దిగుడులో బ్రేకు చూశాం. ప్రతి పరీక్షా సుబేదారు గారు రిజిస్టరులో రాసేవారు. 'ఆపరేటరు: తృప్తికరం' అని రాసినప్పుడల్లా ఆ అక్షరాలు నా కళ్ళల్లో పొడిచినట్టుండేది. క్లర్కు తప్పు చేస్తాడేమోనని చూస్తూ నిలబడటమే నాకు డ్యూటీ అయిపోయింది. ఒక్కటీ దొరకలేదు.

అంతకంటే బాధపెట్టింది అన్నయ్య సంగతి. ఆరేళ్ళు నాతో ఒకే మగ్గులో టీ తాగిన మనిషి, ఇప్పుడు పదింటికి క్లర్కు పక్కన కూర్చుని ఆయన టిఫిను డబ్బాలోంచి పెసరట్టు తింటున్నాడు. ఇద్దరూ రిమోట్ విప్పి వైర్లు చూసుకుంటూ నవ్వుకునేవాళ్ళు. నన్నూ రమ్మనేవాళ్ళు. ఆకలి లేదని చెప్పి పంపు దగ్గర మొహం కడుక్కునేవాణ్ణి. యాభై దాటిన మగాడు ఇంకొకడి పెసరట్టుకి కుళ్ళుకోవడం ఏంటని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను. కుళ్ళు మాత్రం తగ్గలేదు.

పద్నాలుగో రోజు. ఎనిమిదీ ఇరవైకి గట్టు దిగుతూ ఒకటో ట్యాంకు కుడి చైను ఊడింది. జెండా ఎత్తాను. అరవై అడుగుల దూరంలో క్లర్కు రిమోట్ ఆపాడు. అన్నయ్య ఎర్ర బటన్ నొక్కి, చైను ఎక్కించి, ఇరవై నిమిషాల్లో లేచాడు. కరెంటు మళ్ళీ వచ్చేలా బటన్ పైకి లాగాడు. నేను జెండా దించి చంకలో పెట్టుకుని, వాకీటాకీ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు అన్నయ్యకి వెనక చక్రంలో చిన్న తీగముక్క కనబడింది. మళ్ళీ వంగాడు. ట్యాంకుకి అవతలివైపు. క్లర్కుకి కనబడడు. బటన్ నొక్కలేదు. నేను జెండా ఎత్తలేదు. రెండు సెకన్ల పనే కదా అనుకున్నాం ఇద్దరం.

"క్లర్కు గారు కాబట్టి ఒక్కసారే ఊడింది," అన్నాడు అన్నయ్య, చక్రంలో చెయ్యి పెట్టి. "నువ్వయితే ఈ పాటికి మూడుసార్లు ఊడగొట్టేవాడివి."

ఎగతాళికే అన్నాడు. ట్యాంకులో ఉన్నప్పుడు ఇంతకంటే పెద్ద మాటలు అనుకునేవాళ్ళం. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది. మా వైపు ఒక అలవాటుంది. బాగా కావలసినవాళ్ళ మీద కోపం వస్తే గౌరవం ఎక్కువైపోతుంది. అంతవరకూ 'నువ్వు' అన్న నోటికి 'మీరు' వచ్చేస్తుంది.

"సరేలెండి. ఆయనే గొప్ప," అన్నాను. "పోనివ్వండి."

ఆ సంగతి ఇక వదిలేయమని నా ఉద్దేశం. రోజూలా 'పోనీలే అన్నయ్యా' అని ఉంటే ఏమీ అయ్యేది కాదు. కోపంలో పిడికిలి బిగిసింది. ఆ పిడికిట్లో వాకీటాకీ ఉంది. చివరి మాటకి దాని మాట్లాడే బటన్ నొక్కుకుపోయింది.

"ఆయ్, అలాగేనండి," అంది వాకీటాకీ.

ట్యాంకు కదిలింది. అన్నయ్య అరిచాడు. నా నోట 'ఆపండి' రాలేదు. ఈల మెడలోనే ఉంది, అదీ ఊదలేదు. అరుపు విని క్లర్కే వేలు తీశాడు. ట్యాంకు జానెడు కూడా పోలేదు. ఇంకో జానెడు పోయి ఉంటే చెయ్యి పోయేదని తర్వాత డాక్టరు చెప్పారు. ఉంగరం వేలి గోరు ఊడింది. నాలుగు కుట్లు పడ్డాయి.

పదకొండున్నరకి మిల్లు వరండాలో విచారణ. అన్నయ్య ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. చైను ఊడినప్పుడు సుబేదారు గారు బ్యాటరీ తేవడానికి లోపలికి వెళ్ళారు. ఏమీ వినలేదు.

"నడపమని ఎవరన్నారు?" అన్నారు.

క్లర్కు లేచి నిలబడ్డాడు. "నాకు 'పోనివ్వండి' అని వినబడిందండి."

సుబేదారు గారు నావైపు తిరిగారు. "మీరు నడపమన్నారా?"

"లేదండి," అన్నాను.

అబద్ధం కాదు. నడపమని నేననలేదు. ఆ సందులో దూరిపోయాను.

క్లర్కు నావైపు ఒకసారి చూశాడు. "అయితే నేనే పొరపాటుగా విన్నానేమోనండి. జెండా లేకపోయినా ఇంకోసారి అడగాల్సింది. నాదే తప్పు," అన్నాడు.

సుబేదారు గారు రిజిస్టరులో అదే రాశారు. ఆపరేటరుని మార్చారు. నేను కోరుకున్న తేడా వచ్చింది.

మిగిలిన నాలుగు రోజులూ కళ్ళంలో ఇటుకలు పెట్టుకుని సాధన చేశాను. ప్రదర్శన బాగా జరిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీసి నా ఫోనుకి పంపారు. అన్నయ్య కట్టు కట్టిన చేత్తో తాడు అవతల నిలబడి చూశాడు. సాయంత్రం స్టేషనులో నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. బండి వచ్చాక లేచి, "ఆ రోజు నన్ను అండి అన్నావు," అన్నాడు. అంతే అన్నాడు. వేరే పెట్టె ఎక్కాడు. నిడదవోలులో దిగి వెతికాను, కనబడలేదు. అప్పటి నుంచి ఫోను చేస్తే బాగానే మాట్లాడతాడు. మీరు అంటాడు.

ఊళ్ళో అందరికీ ఆ ఫోటో చూపించాను. నాకు మాత్రం అది చూస్తే ఇంకొకటి కనబడుతుంది.

విచారణ అయిన అయిదు నిమిషాలకి, ఆ వరండాలోనే, క్లర్కు మెడలోంచి రిమోట్‌ని వేలాడదీసే పటకా తీశాడు. జేబురుమాలుతో రిమోట్ మీద చెమట తుడిచాడు. మీట చుట్టూ కూడా తుడిచాడు. "ఎడమ లివరు కొంచెం తొందరగా అందుకుంటుందండి, మెల్లగా నొక్కండి," అన్నాడు. నా మెడలో వేశాడు. ఆయన పొడగరి, పటకా నాకు కిందికి వేలాడింది. నా వెనక్కి వచ్చి, ముడి విప్పి, పొట్టి చేసి మళ్ళీ వేశాడు. కాలరు కింద ఇరుక్కున్న పటకాని వేలితో సరిచేశాడు.

"ఇప్పుడు సరిపోయిందాండి?" అన్నాడు.

సరిపోయిందన్నాను.