క్రిస్మస్ పళ్లెంలో వెళ్లిన ఆట

డిసెంబరులో ఏలూరులో మా వీధిలో ఎవరో ఒకరు అరిసెలకు పాకం పడతారు. ఆ కాగిన బెల్లం వాసన కిటికీలోంచి వచ్చేసరికి నా చేతిలో ఏ లెక్క ఉన్నా ఆగిపోతుంది, ఎందుకంటే దాని వెనకాలే కైకలూరులో మా పెద్దమ్మగారింటి వాసనలన్నీ వరుసగా వచ్చేస్తాయి: పెదనాన్న మేతల కొట్లో తవుడూ వేరుశనగ చెక్కా, ఐసునీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీల నీచు, మంచుకు తడిసిన గుర్రపుడెక్క, వీటన్నిటి మధ్యా ముందుగదిలో వేడెక్కిన కంప్యూటరు నుంచి వచ్చే కొత్త ప్లాస్టిక్ వాసన.

ఆ కంప్యూటరు పెదనాన్న కొట్టు లెక్కల కోసం కొన్నదే అయినా, రెండు నెలల్లోనే అది రూతక్క మంచం పక్కకు చేరింది. రూతక్క పెద్దమ్మకు ఒక్కతే కూతురు, నాకంటే ఆరేళ్లు పెద్ద. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం ఆమె గుండె వాల్వుల్ని పాడుచేసింది, గుమ్మం మెట్లు దిగితే ఆయాసం, నాలుగడుగులు వేస్తే పెదాలు నీలంగా మారేవి, ఇంటరు మధ్యలోనే చదువు ఆగిపోయింది. ఆమె కాలక్షేపానికని మా మావయ్య బెంగళూరు నుంచి ఊరు కట్టే ఆట ఒకటి తెచ్చాడు. అప్పట్లో మేం చూసిన ఆటలన్నీ స్కెచ్ పెన్నుతో పేరు రాసిన కాపీ సీడీలు. ఇది మాత్రం అట్టపెట్టెలో, చిన్న ఇంగ్లీషు పుస్తకంతో సహా, షాపులో కొన్న అసలు సరుకు. చర్చిలో సంఘపెద్ద అయిన పెదనాన్న ఆ పెట్టెను వచ్చినవాళ్లందరికీ చూపించి "దొంగ సీడీ కాదండీ, ఒరిజినల్" అని మురిసిపోయేవారు.

ఆటలో ముందు ఒక ఖాళీ సరస్సు, దాని ఒడ్డున బురద నేల ఉంటాయి. అక్కడ రాయి పోగుచేసి దారి వెయ్యాలి, పడవల రేవు కట్టాలి, జనాన్ని రప్పించాలి, వాళ్లకు తిండీ నీళ్లూ చూడాలి. సెలవులకు నేను వెళ్తే రూతక్క మౌసు పట్టుకునేది, నేను పక్కన బల్ల మీద కూర్చుని ఇన్ని కుటుంబాలకు ఎన్ని గాదెలు కావాలో, వానాకాలంలో గండి పడితే ధాన్యం ఎన్నాళ్లు వస్తుందో నోటితో లెక్క కట్టి చెప్పేదాన్ని. బళ్లో పాస్ మార్కులు దాటని నాకు లెక్కల మీద ప్రేమ పుట్టింది అక్కడే.

"లెక్క నీది, ఊరు నాది. తప్పావంటే మా జనం నీ మీద పడతారే!" అనేది, ఆయాసం మధ్య నవ్వుతూ.

వీధి దాటలేని మనిషి ఆ ఊళ్లో ప్రతి ఇంటి ముందూ దారి వేసింది. కుంటివాళ్లు కూడా రేవుకు వెళ్లాలని ఎక్కడా మెట్లు పెట్టేది కాదు. పొద్దున్నే ముఖం కడుక్కోగానే "మా వాళ్లు లేచారో లేదో" అంటూ కంప్యూటరు పెట్టేది. డాక్టర్లు ఆపరేషను వాయిదా వేసినప్పుడల్లా పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది, రూతక్క మాత్రం ఇంకో వీధి మొదలుపెట్టేది.

ఆ క్రిస్మస్‌కి పెద్దమ్మ ఎప్పటిలాగే అరిసెలు, కజ్జికాయలు, జంతికలు స్టీలు పళ్లేల్లో సర్ది, పైన లేసు అల్లిన గుడ్డ కప్పి, హిందువులని, మనవాళ్లని చూడకుండా వీధంతా పంపిస్తోంది. వీధిలో ఇంకో నాలుగిళ్లలో కంప్యూటర్లున్నాయి. రూతక్క డిస్కు పెట్టెను ఒక పళ్లెంలో కజ్జికాయల పక్కన పెట్టి, "ముందు బడి మాస్టారుగారింటికి ఇవ్వు. ఎక్కించుకుని తిరిగి పంపమను, తర్వాత మిగతావాళ్లకి. పిల్లలు ఆడుకుంటారు పాపం" అంది. ఒకసారి ఎక్కించాక డిస్కు అక్కర్లేని ఆట అది. నాలుగిళ్లూ తిరిగి అది వెనక్కి వచ్చింది, పళ్లెం ఖాళీగా పంపకూడదు కనుక ప్రతిసారీ గుప్పెడు పంచదారతో. పెట్టె అంచుల్లో చిక్కుకున్న పలుకుల్ని నేను పుల్లతో తీశాను. ఆ వారమంతా వీధి పిల్లలు మా కిటికీ దగ్గరికి వచ్చి "అక్కా, మా ఊళ్లో కరువొచ్చింది, ఏం చెయ్యాలి?" అని అడుగుతుంటే ఆమె ముఖం చూడాలి.

జనవరిలో, సంక్రాంతి సెలవులకు నేను అక్కడ ఉండగా, కంప్యూటరు హార్డ్ డిస్కు కటకటమని శబ్దం చెయ్యడం మొదలుపెట్టింది. ఏలూరు నుంచి వచ్చిన మెకానిక్ రాంబాబు ఉన్నదంతా కొత్త డిస్కులోకి ఎత్తి, ఆట మళ్లీ ఎక్కించాడు. రూతక్క ఊరు భద్రంగానే వచ్చింది. కానీ ఆట తెరుచుకోలేదు. అనుమతించిన సంఖ్య పూర్తయిందని తెర మీద ఇంగ్లీషులో పడింది.

అప్పుడు తీశాం ఆ చిన్న పుస్తకం. చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది సంగతి. ఎక్కించినప్పుడల్లా ఆట ఆ కంప్యూటరు భాగాలన్నీ చూసి, వాటితో ఒక గుర్తు కట్టి, ఫోను లైను మీద కంపెనీకి పంపుతుంది. అయిదు గుర్తులు చేరాక ఇక ఎవరినీ రానివ్వదు. మాది ఒకటి, పళ్లెం వెళ్లిన ఇళ్లు నాలుగు. హార్డ్ డిస్కు మారింది కనుక మా కంప్యూటరే దానికి ఆరో కొత్త మనిషి.

"దొంగ సీడీకి ఈ గొడవ ఉండదండీ. రేపు ఒకటి తెచ్చేస్తాను, మీ ఊరు అలాగే తెరుచుకుంటుంది" అన్నాడు రాంబాబు.

పెదనాన్న కూతురి వైపు చూశారు. రూతక్కే అంది: "కొనుక్కున్నదాన్ని దొంగతనంగా ఆడుకోవడమేంటి బాబూ? వద్దు."

సంగతి వీధిలో తెలిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు, వెనక మిగతా మూడిళ్లవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. "అమ్మా రూతూ, మా ఇళ్లలో తీసేశామమ్మా. నీ వంతు నీకు వచ్చేసినట్టే. పెట్టి చూసుకో" అన్నారు మాస్టారు. చేబదులు తెచ్చుకున్న బియ్యం తిరిగి కొలిచి ఇచ్చినంత నమ్మకంగా అన్నారు. ఒక పిల్లాడి కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. రాంబాబు అందరి ముందూ మళ్లీ ఎక్కించాడు. మళ్లీ అదే ఇంగ్లీషు వాక్యం. తీసేస్తే లెక్క తగ్గుతుందని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అలా ఆ ఉదయంతో వీధిలో ఏ ఇంట్లోనూ ఆ ఆట లేకుండా పోయింది.

రూతక్క వాళ్లకు టీ పెట్టమని పెద్దమ్మకు చెప్పింది. "ఎందుకండీ పిల్లల్ని ఏడిపించారు" అంది, అంతే.

నేను ఏలూరులో నెట్ సెంటరులో కూర్చుని కంపెనీకి ఉత్తరం రాశాను. కొన్న బిల్లు పంపమని జవాబు వచ్చింది. మావయ్య దాన్ని ఎప్పుడో పారేశాడు. బిల్లు లేదు, పెట్టె ఉంది, పెట్టె మీది నంబరు ఇదీ అని మళ్లీ రాశాను. దానికి జవాబు రాలేదు. ఆదివారాలు ఫోను చేస్తే రూతక్క మొదట అడిగేది అదే: "ఒప్పుకున్నారా కంపెనీవాళ్లు?" కొన్నాళ్లకు ఆ అడగడమూ మానేసింది. పగలంతా కిటికీ వైపు తిరిగి పడుకునేదట. కొల్లేరు మీద పక్షులు తిరిగి వచ్చే చలికాలం మొదట్లో, ఇంకా క్రిస్మస్ రాకముందే పోయింది. ఆట ఉంటే బతికేదని నేననను, వాల్వుల సంగతి నాకు తెలుసు. కానీ ఆమె చివరి పది నెలల్లో పొద్దున్నే లేవడానికి ఒక కారణం తగ్గింది, అది మాత్రం ఏ లెక్కన చూసినా నిజం.

ఆ కంప్యూటరు పాత సామానులో పోయింది, ఊరు దాంతోపాటే పోయింది. ఇప్పుడు ఆటలకు డిస్కులే లేవు. ఎవరి ఫోనులో వాళ్లవి, ఎవరి పాస్‌వర్డు వాళ్లది. నేను చేపల చెరువులవాళ్లకు లెక్కలు చూసిపెట్టి బతుకుతున్నాను. మొన్న నెట్‌లో ఒక రాత కంట పడింది: ఆ ఆటకు కంపెనీయే చాలా ఏళ్ల కిందట తాళం తీసేసిందట, ఎవరు ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చట. కైకలూరు వెళ్లినప్పుడు పెద్దమ్మకు చెప్పాను.

ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది. "తీసేసేదానికి అప్పుడెందుకు వేశారమ్మా?" అంది. ఇంకో కాయ గింజలు గిన్నెలో వేసి, "నేనెప్పుడూ సరిగ్గా చూడలేదే అమ్మాయ్. మన రూతు ఆ ఊళ్లో చర్చి కట్టిందా?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా, రాయి చాలలేదు. జనవరిలో కడదామంది."