రెండు గొడుగులు

మా చిన్నది బడిలో చేరిన ఏడు, చేపల ప్యాకింగ్ కంపెనీలో నన్ను రెండోసారి పనిలోంచి తీసేశారు. నిరుద్యోగ భృతికి మళ్లీ దరఖాస్తు పెట్టడానికి హోప్ టౌన్ నుంచి వానలో పడవెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాను.

ఆఫీసు వరండా దాటి వానలోకి ఉంది లైను. కిటికీలోంచి నన్ను చూడగానే గుమాస్తా, "అరే దీదీ, ఫిర్ సే? మళ్లీ ఊడిందా ఉద్యోగం?" అని కేకేశాడు. అందరూ తిరిగి చూశారు. సిగ్గుతో గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకోబోతే, అది వెనకాయన గొడుగులో చిక్కుకుంది. విడదీస్తూ చూద్దును కదా, మమ్మల్ని ఇంటికి పంపిన సూపర్‌వైజరు గారే! ఆయన్నీ తీసేశారట. ఆయనా మొహం దాచుకునే నిలబడ్డారు.

"సిగ్గెందుకు సార్. ఈ లైను నాకు కొట్టిన పిండి. నా ఎనకే రండి," అన్నాను.

వానాకాలం వెళ్లేసరికి ఆయనకు ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. మనుషులు కావాలనగానే మొదటి ఫోను నాకే చేశారు.

ఇప్పుడు అక్కడ మా గొడుగులు రెండూ ఒకే మేకుకి ఆరుతున్నాయి.