అత్తకు ఎండ వైద్యం

మార్కాపురంలో మందుల దుకాణమాయన్ని బేరంలో ఓడించిన మొనగాణ్ణి నేను. చీటీ చేతిలో ఉన్నా బిళ్ళ కొననే లేదు.

కిడ్నీలు పోయి, షుగరు కూడా ఉన్న మా మేనత్తకు డాక్టరు విటమిన్ డి బిళ్ళలు రాసినాడు. ఇన్సులిన్ ఒంటికి పట్టడానికీ అవి సాయం చేయొచ్చన్నాడు.

"మన ఊళ్ళో ఎండ ఊరికే దొరుకుతుంటే బిళ్ళలేంది అత్తా?" అన్నాను. కిరాణా దుకాణదారుడి కొడుకుని, ఊరికే వచ్చేదాన్ని వదులుతానా!

డయాలసిస్ లేని రోజుల్లో ఆమె మిద్దెక్కి, ఆరబోసిన మిరపకాయల పక్కన కూర్చునేది. కాసేపటికోసారి ఒరుగులు తిప్పినట్టు చేతులు తిప్పుకునేది. "ఈ పక్క ఎండింది నాయనా, ఇంక ఆ పక్క" అని నవ్వేది. డయాలసిస్‌లో పక్క మంచాలవాళ్ళకు, "మా అల్లుడు పైసా ఖర్చు లేకుండా వైద్యం చేస్తున్నాడు" అని గొప్పగా చెప్పేది.

మూడు నెలలైనా షుగరు దిగలేదు. ఎముకల నొప్పులు పెరిగినాయి. ఒకనాడు మిద్దె మెట్ల మీద పడి తుంటి విరిగింది.

"ఎండతో పుట్టే విటమిన్‌ను ఒంటికి పనికొచ్చేట్టు మార్చేది కిడ్నీ. ఆమె కిడ్నీకి ఆ శక్తి లేదనే గదయ్యా, ముందే అట్లా మార్చిన విటమిన్ బిళ్ళ రాసింది!" అన్నాడు డాక్టరు.

వేసుకునుంటే షుగరు దిగేదో లేదో ఆయనా కచ్చితంగా చెప్పలేదు. ఆ అనుమానాన్ని నా తప్పులో తగ్గింపుగా రాసుకోబోయినాను. కానీ ఆ మెట్లు ఎక్కించింది నేనే. నాకు మిగిలింది బిళ్ళల ఖరీదు. పోయింది అత్త నడక.