సరాయి గోడకు బీరమ్మ వేసిన సున్నం

మా అత్త బీరమ్మకు భయమైతె చేతులు ఊకుండవు. ఏదో ఒకటి తుడుస్తది, రుద్దుతది, అలుకుతది. రెండో పెద్ద యుద్ధం మొదలైన ఏడాది, ఊరి పటేలు మా గుమ్మం ముందర నిలబడి, "పట్నం నుంచి సర్కారు సాబు వస్తుండు. పాత కట్టడాలు చూస్తడట. మీరుండే సరాయి గూడ చూస్తడు" అని చెప్పి పోయిండు. ఆ పూట మా ఇంట్ల ఎవరికీ బువ్వ దిగలె.

మొయినాబాదు దాటినంక చేవెళ్ల తోవ పక్కన ఉండేది ఆ సరాయి. ఎన్నటి నవాబో బాటసారుల కోసం కట్టించిన రాతి కమాన్లు. సగం కూలినయి. కూలని ఒక కమానుకు తడక కట్టుకొని మా వాళ్లు సంసారాలు చేసిండ్రు. నాకేమో నెలలు నిండినయి. ఎల్లగొడితె ఎక్కడ కనాలె? అదే ఫికరు.

అత్తది ఒకటే మాట. "గలీజుగ ఉంటె ఎల్లగొడుతరు కరుణమ్మా. శుభ్రంగ ఉంటె జర దయ చూపుతరు."

"నువ్వు గోడ కడిగితె సాబు మనసు కరుగుతదా అత్తా?" అన్న. నా నోరు అప్పటికే అంత.

వింటదా? ఎర్రమట్టి తొక్కింది, గోడలన్ని మెత్తింది, మీదికెల్లి సున్నం గుంజింది. లోపలి గోడ కాడ మాత్రం నేను ఆమె చెయ్యి పట్టుకున్న. మా ఇంటికి వచ్చిన ప్రతి కోడలు మొదటి దినం ఎర్ర జాజు రంగుల చెయ్యి ముంచి ఆ గోడకు అద్దాలె. ముసలోళ్లు బాప్తిస్మం తీసుకున్నంక గూడ ఆ ఆనవాయితి ఇడువలె. అత్త చెయ్యి, ఆమె అత్త చెయ్యి, ఆ పైతరం వాళ్లవి, అన్నిటి కింద నాది. ఏటేటా వాటిని తప్పించి అలికేది. "వాళ్ల గోడకు మన చేతులేందని సాబు కోపం చేస్తె?" అన్నది. నేను వద్దు వద్దంటుంటెనే అన్నిటినీ కప్పేసింది.

తెల్లారి సాబు మోటారు దిగిండు. మర్యాదస్తుడే, గొంతు మెత్తగ ఉన్నది. వీళ్లు ఎప్పటి సంది ఉంటుండ్రని పటేలును ఉర్దూల అడిగిండు. ఆ పటేలు ఇల్లు బంగారంగాను! మా ఇంటాయన వెట్టికి రానన్న కాడి సంది వానికి కడుపుమంట. "మొన్నటి కరువుల వచ్చి జొరబడ్డరు సాబ్" అన్నడు. నేను పట్నంల పెరిగినదాన్ని, ఉర్దూ తెలుసు. అత్తకు తెల్వది. వాడు ఏమన్నడో ఆమె చెవిల చెప్పిన.

"అబద్ధం! మా చేతులున్నయి చూడుండ్రి!" అని అత్త గోడ దిక్కు మళ్లింది.

గోడ తెల్లగ ఉన్నది. యేసయ్యా, ఆమె ముఖం నేను చూడలేకపోయిన.

కొడవలి తీసి గీకుడు మొదలువెట్టింది. పచ్చి సున్నంతోటి జాజు గూడ జారిపోయింది. ఒక్క చెయ్యి మిగలలె. చేతులున్న తావు దాటి పక్కకు గూడ గీకింది, పిచ్చిలేసినట్టు గీకింది. బెత్తెడు మందం పెచ్చు ఊడి కింద పడ్డది. దాని ఎన్క తీగెలు, పూలు, మొగ్గలు. గచ్చుల చెక్కిన పని, నిన్న చేసినట్టున్నది. అన్నేండ్లు దాని పక్కన పండుకొని మేం ఎరుగం.

సాబు ఉరికొచ్చిండు. రుమాలుతోటి పూలు తుడుచుకుంట మురిసిపోతుండు. "దీని మీద ఇంత మట్టి ఎవరు మెత్తిండ్రు?" అన్నడు. పటేలు ఆ మాట తెలుగుల అడిగిండు.

"మేమే సాబ్!" అత్త రొమ్ము చరుసుకున్నది. "నేను, మా అత్త, ఆమె అత్త! ఏటేటా మెత్తినం! ఎంత మందమున్నదో చూడుండ్రి!" పటేలు నసుక్కుంటనే ఆ మాట ఉర్దూల చెప్పిండు.

సాబు పెచ్చును ఎత్తుకొని అంచు కాడ పొరలు చూసిండు. "ఈమె చెప్పేది నిజం. చాన తరాల సంది ఉన్నరు" అన్నడు ఉర్దూల. నాకు పానం లేచొచ్చింది. ఎన్కనే, అదే మెత్తని గొంతుతోటి, "ఇంకా ఉండనిస్తె మిగిలిన పని గూడ మట్టితోటి మూస్తరు. రేపటికల్ల ఖాళీ చేయించు" అన్నడు.

అత్త నా రెక్క పట్టుకున్నది. ముఖం వెలుగుతున్నది.

"ఏమన్నడు బిడ్డా? నమ్మిండా?"

"నమ్మిండు అత్తా" అన్న.